ఆత్మపూర్ణుని ఎట్లు గుర్తింతుము?

బిషప్ అజరయ్యగారి జీవితము
పఠనము: అపొస్తలుల కార్యములు 6:1-7

యెరూషలేములోని తొలి సంఘములో పుట్టిన మొదటి సణుగు అన్నమును గూర్చినది. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు దినదినము పంచు ఆహారము సరిగా అందుట లేదని వారి పక్షమువారు బాధపడిరి. అపొస్తలులు ఆ పంపకపు పనికి ఏడుగురిని ఎన్నుకొను భారమును సంఘము మీదనే పెట్టిరి. ఆ ఏడుగురికి ఉండవలసిన లక్షణములలో ఆత్మచేత నిండియుండుట ఒకటి, జ్ఞానము ఒకటి, నలుగురిలో మంచి పేరు ఒకటి. ప్రియ సంఘస్థులారా, ఈ భాగమును చదువునప్పుడు మన మనస్సు స్తెఫను మరణము వైపు పరుగెత్తును గాని, ఇక్కడ కొంచెము నిలువవలెను. ఆత్మపూర్ణుడెవరో గుర్తుపట్టుట సామాన్య విశ్వాసులకును సాధ్యమేయని అపొస్తలులు నమ్మినట్లు కనబడుచున్నది. మరియు అట్టివాడు అక్కడ కావలసివచ్చినది ముసలి విధవ చేతిలో రొట్టె పెట్టుటకు.

మన తంగళ్ళపల్లిలోను, మానేరు అవతలి ఒడ్డున సిరిసిల్లలోను, కోరుట్ల, జగిత్యాల వైపు పల్లెలలోను ఇది ఊరకే అడుగు ప్రశ్న కాదు. సంఘ పెద్దలను ఎన్నుకొను దినము వచ్చినప్పుడు ఫలానావాడు ఆత్మ పొందినవాడేనా అని విచారింతురు. రాత్రి కూటములలో గట్టిగా కేకవేసి, వణకి, భాషలు మాటలాడినవాడు నిండినవాడనియు, వెనుక చాపమీద కూర్చుండి మెల్లగా ప్రార్థించి ఇంటికి పోయినవాడు ఖాళీ కుండయనియు కొందరు తీర్పు చెప్పుచున్నారు. ముప్పది ఏండ్లు ప్రభువును నమ్ముకొని, బీడీలు చుట్టి బిడ్డలను పెంచిన తల్లి, తనకు ఆత్మ లేదని ఎవరో అన్న మాటకు దిగులుపడి వచ్చినయెడల కాపరి ఆమెకు ఏమి చెప్పవలెను? ఇట్టి మాటల వలన ఒకే ఇంటివారు రెండు ప్రార్థన స్థలములకు చీలిపోవుటయు కద్దు.

భాషల వరమును మేము తృణీకరించుట లేదు. దానిని ఆటంకపరచవద్దని పౌలే కొరింథీయులకు వ్రాసెను. అయితే వరములలో ఏ కొదువయు లేని ఆ కొరింథు సంఘములోనే ప్రభువు బల్లయొద్ద ఒకడు త్రాగి మత్తుడై యుండగా మరియొకడు ఆకలితో కూర్చుండెను. ఈ రెండు సంగతులును ఒకే పత్రికలో ఉన్నవి. మన సిరిసిల్ల నేతపనివారికి ఇది తెలియనిది కాదు. రంగు నిలుచునా లేదా అన్నది అద్దకపు తొట్టిలో తెలియదు, ఉతికిన తరువాత తెలియును. కావున ఒక మనుష్యుని జీవితమును మొదటినుండి తుదివరకు చూచుట మంచిది. మన తెలంగాణ నేలమీద పాటుపడి, ఇక్కడనే సమాధి చేయబడిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారిని ఈ నెల తలంచుకొందము.

ఆయన తెలుగువాడు కాడు. 1874 ఆగస్టు 17న తమిళదేశములో తిరునెల్వేలి ప్రాంతమున వెళ్ళాలన్‌విళై అను చిన్న పల్లెలో పుట్టెను. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ పల్లె సంఘమునకు కాపరి. వారు నాడార్ కులస్థులు. తాటిచెట్లెక్కి బ్రదుకు ఆ జనమును పై కులములవారు చాలకాలము దూరముగా ఉంచిరి. మిషను పాఠశాలలలోను, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలోను ఆయన చదివెను. గణితము ఆయన విషయము. పట్టా పరీక్ష సమయమున జబ్బుపడుటచేత డిగ్రీ లేకయే బయటికి వచ్చెను. (ఈ డిగ్రీ లేని మనుష్యునికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము ఇచ్చెను. మన పిల్లలు ఒక పరీక్ష తప్పినంతనే బావివైపు చూడకూడదు.)

1895లో ఆయన వై.ఎమ్.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతట యౌవనస్థుల మధ్య తిరుగుచు పదునాలుగు సంవత్సరములు పని చేసెను. ఆ రోజులలో 1902లో సింహళములోని యాళ్పాణమునకు పోయినప్పుడు ఒక సంగతి ఆయనను కలవరపెట్టెను. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను బయటికి పంపుచుండిరి. తిరునెల్వేలి సంఘములు వారికంటె పెద్దవి, పాతవి. అయినను తెల్లవారి చేతివైపే చూచుచుండెను. ఇంటికి వచ్చి ఆయన ఊరుకొనలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి, దానికి ఆయన కార్యదర్శి ఆయెను. మనుష్యులు మనవారు, డబ్బు మనది, నడుపువారు మనవారు, ఇది దాని నియమము. 1905 క్రిస్మసు దినమున సేరంపూరులో సర్వదేశమునకై నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడును ఆయనే కార్యదర్శి.

తిరునెల్వేలివారు తమ పనికి పొలమును వెదకి, నిజాము రాజ్యములో వరంగల్ వైపున ఉన్న మానుకోట తాలూకాను ఎన్నుకొనిరి. మానుకోట అనగా నేటి మహబూబాబాదు. అక్కడికి 1904 నుండి మనుష్యులు పంపబడిరి. కార్యదర్శిగారు ఊరూర సభలు పెట్టి, వెళ్లుడని యౌవనస్థులను పురికొల్పుచుండెను. అయితే ఇతరులను పొమ్మని చెప్పువాడు తాను ఎందుకు పోడు అను ప్రశ్న ఆయననే పట్టుకొన్నది. మద్రాసులో పేరు ఉన్నది, దేశదేశముల స్నేహితులు ఉన్నారు. అవన్నియు ఉండగా 1909లో ఆయన గురువుగా అభిషేకము పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌గారితోను పిల్లలతోను డోర్నకల్‌కు వచ్చెను. అప్పుడు అది రైలు మార్గములు కలియు చిన్న ఊరు, చుట్టును అడవి. మొదట గుడారములోనే కాపురము.

వచ్చినవానికి తెలుగు రాదు. ముప్పదియైదు ఏండ్ల వయస్సున, వేలమంది యెదుట ఇంగ్లీషులో ప్రసంగించిన మనుష్యుడు, చిన్నపిల్లవానివలె అ ఆలు దిద్దుకొనెను. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికి ఒకటే అక్షరము. ఆ నాలుకకు మన ఒత్తక్షరములు ఎంత కష్టమో ఊహించుడి. భాషల వరమును గూర్చి వాదములు విన్నప్పుడెల్ల మాకు ఈ అక్షరాభ్యాసము గుర్తుకు వచ్చును. పెంతెకొస్తు దినమున వినువారు తమ తమ భాషలో వినిరని లూకా వ్రాసెను గదా. ఆ దినమున లాభము వినువానిది. అజరయ్యగారు తెలుగు నేర్చి, కూలివారి గుడిసెయెదుట కూర్చుండి వారి మాటలతో సువార్త చెప్పగలవాడాయెను. ఇది ఒక రాత్రిలో దిగివచ్చినది కాదు గనుక దానిలో ఆత్మ లేదందుమా?

1910 జూన్ నెలలో స్కాట్లండు దేశమందు ఎడిన్‌బరోలో లోకమంతటి మిషనరీల మహాసభ జరిగినప్పుడు ఆయనను పిలిచిరి. కూర్చున్నవారిలో ఎక్కువమంది తెల్లవారు. వారు చేసిన త్యాగములకు ఆయన కృతజ్ఞత చెప్పి, అటుపిమ్మట హిందూదేశ క్రైస్తవులతో వారు సమానులుగా కూర్చుండుట లేదనియు, తమకు కావలసినది స్నేహితులనియు స్పష్టముగా చెప్పెను. సభలో కొందరికి కోపము వచ్చెను, కొందరు సిగ్గుపడిరి. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయములో ఆత్మతో నిండినవారికి వచ్చిన మొదటి గురుతు ధైర్యము. ధైర్యము బలహీనుల మీద అరచుటలో కనబడదు. తనకు అన్నము పెట్టువారి యెదుట నిజము చెప్పుటలో కనబడును.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికన్ సంఘములో హిందూదేశస్థుడు బిషప్పగుట అదే మొదలు. దీనికి తెల్లవారిలో కొందరేగాక స్వదేశ క్రైస్తవులలోను కొందరు అభ్యంతరము చెప్పిరి. ఆయన కులము చూచి ఒప్పుకొననివారును వారిలో ఉండిరి. ఆయన జవాబు చెప్పుచు కూర్చుండక తిరిగి పల్లెల దారి పట్టెను.

ఆ పల్లెలలో ఎవరున్నారు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. దొరలకు, దేశముఖులకు వెట్టి చేయువారు. పెండ్లికి తెచ్చిన అప్పు మనుమలకు దిగుచుండెను. సాయంకాలమైతే కల్లు, సారా. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములు తన ప్రజలను పట్టియున్నవని ఆయన చెప్పుచుండెను. దయ్యములను వెళ్లగొట్టుటను ఈ అర్థములో కూడ మనము ఆలోచింపవలెను. ఎద్దుబండిమీదను, సైకిలుమీదను, కాలినడకను ఆయన గూడెములకు పోయి, బాప్తిస్మమునకు సిద్ధపడినవారిని తానే ప్రశ్నలు అడుగుచుండెను. క్రమశిక్షణలో ఆయన కఠినుడు. జాలిపడి తొందరగా చేర్చుకొను అలవాటు ఆయనకు లేదు.

బాప్తిస్మము పొందినవారిచేత ఆయన చేయించు ఒక పని ప్రసిద్ధమైనది. తడి ఆరని తమ తలమీద తామే చెయ్యి పెట్టుకొని, సువార్త చెప్పకపోయినయెడల తమకు శ్రమ అను పౌలు మాటల భావముతో ప్రమాణము చేయించెను (1 కొరింథీయులకు 9వ అధ్యాయము). నిన్నటివరకు ఊరి బావియొద్దకు రానియ్యబడని మనుష్యుడు నేడు వార్త చెప్పవలసిన బాధ్యత గలవాడాయెను. చదువు వచ్చిన తరువాత, ఆత్మ పొందిన అనుభవము కలిగిన తరువాత అని వాయిదా లేదు. సంవత్సరమునకు ఒక వారము సాక్ష్యపు వారముగా పెట్టి, పురుషులు స్త్రీలు అను భేదము లేక సంఘమంతయు పొరుగూళ్లకు బయలుదేరు ఏర్పాటును చేసెను.

కానుక విషయములో కూడ అట్లే. వీరు పేదలు, వీరి యొద్ద ఏమి అడుగుదుము అని మిషనరీలు జాలిపడుచుండగా, ఆయన ఆ జాలిని ఒప్పుకొనలేదు. వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి దేవునికని వేరొక కుండలో వేయుమని స్త్రీలకు నేర్పెను. కోత పండుగనాడు వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు బలిపీఠము ముందర కుప్పగా పడుచుండెను. ఆ ధాన్యము సంఘోపదేశకుల జీతమునకును సువార్త పనికిని పోయెను. క్రైస్తవ కానుకను గూర్చి ఆయన ప్రత్యేకముగా ఒక పుస్తకమే వ్రాసెను. కొందరు ఇది బీదవాని కడుపుమీద కొట్టుటయని విమర్శించిరి. మాకైతే అట్లు తోచదు. ఎల్లప్పుడు పుచ్చుకొను చెయ్యి వంగియే యుండును. పిడికెడు బియ్యము వేసిన స్త్రీ తన సంఘమునకు తాను యజమానురాలు. మన స్త్రీల మైత్రిలో నేటికిని ఆ పిడికెడు కుండ ఉన్న ఇండ్లు కలవు. పైన చెప్పిన బీడీల తల్లి ఆ కుండ ఎన్ని ఏండ్లుగా నింపుచున్నదో లెక్కపెట్టినవారెవరు?

ఇప్పుడు ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము. అజరయ్యగారి కాలములో, ముఖ్యముగా 1920ల నుండి, ఆ ప్రాంతపు రైతు కులములవారిలో కూడ అనేకులు బాప్తిస్మమునకు వచ్చిరి. పెద్ద ప్రసంగికులు ఎవరును పోయి వారిని కదిలింపలేదు. తమ పొలములలో పని చేయు మాల మాదిగలలో వచ్చిన మార్పును వారు ఏండ్ల తరబడి చూచిరి. త్రాగుడు మానినవాడు, దొంగిలింపనివాడు, భార్యను కొట్టనివాడు, బిడ్డలను బడికి పంపువాడు తమ కన్నుల యెదుట ఉండెను. బిషప్పుగారు తాను కూడ ఈ కారణమునే పదే పదే చెప్పుచుండెను. యజమానుడు కూలివానియందు దేవుని పనిని గుర్తుపట్టుట చిన్న సంగతి కాదు, అది అతని గర్వమునకు దెబ్బ. అపొస్తలులు అడిగిన మంచి పేరు ఇదియే. అది కూటములో ఆమేన్ చెప్పువారివలన వచ్చు పేరు కాదు, అప్పు ఇచ్చిన సాహుకారివలన, పక్కింటివారివలన వచ్చు పేరు.

ఇంతమాత్రమున డోర్నకల్ చరిత్రను మరీ తియ్యగా చెప్పరాదు. మాలలును మాదిగలును క్రీస్తునొద్దకు వచ్చిరి గాని, ఒకరి వాడకు ఒకరు వచ్చుటకు చాలమంది ఒప్పుకొనలేదు. ఒక కులము చేరిన ఊరిలో రెండవ కులము వెనుకాడుచుండెను. కలిసి భోజనము చేయుట, పిల్లను ఇచ్చి పుచ్చుకొనుట మరింత దూరము. తానును కులపు అవమానము ఎరిగినవాడు గనుక అజరయ్యగారు ఈ విషయములో రాజీపడలేదు. సంస్కారపు బల్లయొద్ద ఒకే రొట్టె, ఒకే పాత్ర అని పట్టుబట్టెను. కాపరులను, ఉపదేశకులను ఉభయ జనములలోనుండి తయారుచేసెను. అయినను ఆ గోడ ఆయన జీవితకాలములో పూర్తిగా కూలలేదు, మన కాలములోను కూలలేదని మనకందరికి తెలియును. ఎంత గొప్ప ఉజ్జీవ కూటము జరిగినను, మరునాడు బల్లయొద్ద ఎవరి పక్కన ఎవరు మోకరింపరో చూచినయెడల ఆ సంఘము ఎంతవరకు నిండినదో అంతవరకు తెలిసిపోవును. యెరూషలేములో కూడ గ్రీకు భాషవారు, హెబ్రీ భాషవారు అను భేదమునుండియే సణుగు పుట్టెను. ఆ ఏడుగురు ఆ చీలిక నడుమ నిలువబడి అన్నము పంచిరి.

అన్బుగారిని గూర్చి కొంతయైనను చెప్పకుండుట న్యాయము కాదు. వారి వివాహము 1898లో జరిగెను. దక్షిణదేశమున కళాశాల చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. డోర్నకల్‌లో గురువులుగా తయారగుచున్నవారి భార్యలకు కూడ పాఠములుండెను. చదువురాని భార్యను ఇంట పెట్టి భర్త ఒక్కడే కాపరి కాజాలడని వారి ఇరువురి నమ్మకము. ఆమె భర్తతో పల్లెలకు తిరిగి స్త్రీలను కూడదీసెను. ప్రతి పాస్టరమ్మగారికిని ఈమె ఒక విధముగా అక్క.

1920ల మొదట కృష్ణా, కర్నూలు వైపు సంఘములు కూడ ఆయన పరిపాలనలోనికి చేర్చబడినవి. 1930లలో అచ్చటి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. ఆ దశకములోనే మతము మార్చుకొనుటను గూర్చి గాంధీగారికిని ఆయనకును తీవ్రమైన భేదము వచ్చెను. గాంధీగారి మీద గౌరవము విడువకయే, పేదవాడు తన దేవుని తాను ఎన్నుకొను హక్కును అజరయ్యగారు విడువలేదు. అదే మనుష్యుడు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని కూడ వాదించెను. సంఘము రాజకీయపు కులముగా మారిపోవునని ఆయన భయము.

డోర్నకల్‌లోని ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. కట్టుటకు ఏండ్లు పట్టెను. డబ్బు చాలక పని నిలిచిపోయిన కాలములు కలవు. చూచినవారు ఎరుగుదురు, అది ఇంగ్లాండులోని గుడివలె ఉండదు. గుమ్మటములు మసీదును, స్తంభములు దేవళపు మండపమును తలపించును. పల్లెనుండి వచ్చిన కూలివాడు ఇది పరాయి ఇల్లు అని గుమ్మమునొద్ద జంకకూడదని బిషప్పుగారి కోరిక. దానిలో గూడెముల ధాన్యపు డబ్బును ఉన్నది.

సంఘముల చీలిక ఆయనకు పెద్ద బాధ. 1919 మే నెలలో తరంగంబాడిలో కొద్దిమంది కాపరులు కూడి దక్షిణదేశపు సంఘముల ఐక్యతకు పునాది వేసినప్పుడు ఆయన వారిలో ముఖ్యుడు. హిందువులు మాలవాడను, ఆంగ్లికన్ వాడను ఒక్కటిగానే చూచుచుండగా, క్రైస్తవులే ఒకరినొకరు వేరుగా చూచుట ఆయనకు అవమానముగా తోచెను. ఇరువదియైదు ఏండ్లు ఆ పనిమీద ఉత్తరములు, సభలు, ప్రయాణములు సాగినవి. తెల్లవారకముందే లేచి ప్రార్థించుట మాత్రము మానలేదు. తన క్రింది పనివారిని పేరు పేరున దేవుని యెదుట పెట్టుట ఆయన అలవాటు.

1944 చివర పల్లెలు తిరిగివచ్చిన పిమ్మట జ్వరము పట్టుకొన్నది. 1945 జనవరి 1న, డెబ్బదియవ ఏట, డోర్నకల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించెను. తాను కట్టించిన దేవాలయపు ప్రక్కనే సమాధి చేసిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. డోర్నకల్ ఆంగ్లికన్‌లును, మన కరీంనగర్ వైపున పని చేసిన వెస్లియన్ మెథడిస్టులును ఆనాటినుండి ఒకే బల్లయొద్దకు వచ్చిరి. ఆయన సమాధిమీద అప్పటికి మూడవ వానకాలము నడుచుచుండెను.